వెనక దర్వాజ నుంచి పోకండి

(హనుమకొండలో అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, చిన్నపిల్లల తల్లిదండ్రుల ఎదుట ఒక సైకాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఒళ్లో కూర్చున్న ఇద్దరు చంటివాళ్లకి కూడా. వాళ్లు మధ్యలో ఏడిస్తే తల్లులు లేచి బయటికి పోవద్దు. నాకు మైకుంది, వాళ్లకి గొంతుంది, ఎట్లనో సర్దుకుంటాం.

నాకిచ్చిన విషయం 'శిశువుల మానసిక ఆరోగ్యం'. ఆ మాట చెప్పగానే మా పక్కింటి పెద్దాయన నవ్వాడు. "నెలల పిల్లకి మనసేందమ్మా? పాలు తాగుడు, పండుకునుడు, అంతే కదా" అన్నాడు. నేను వాదించలేదు. వాళ్ల మనవరాలు పుట్టినప్పటి నుంచి పది నెలలు ఇక్కడే నాయనమ్మ దగ్గర పెరిగింది. తల్లికి సెలవు అయిపోయి పిల్లని హైదరాబాద్ తీసుకుపోయాక మూడు రోజులు ఒళ్లు కాలింది, బువ్వ ముట్టలేదు. ఆ సంగతి నాకు గేటు దగ్గర నిలబడి చెప్పింది ఈయనే. "అప్పుడు మీరేమన్నరు బాబాయ్?" అని అడిగాను. "పిల్ల బెంగటిల్లింది అన్న" అన్నాడు. కాసేపాగి, "అది వేరే" అన్నాడు.

వేరే ఏం కాదు. అదే. మనసు లేనిదానికి బెంగ ఎట్లొస్తుంది? మన ముసలమ్మలు సైకాలజీ చదవలేదు గానీ 'బెంగటిల్లుడు' అనే మాట వాళ్ల దగ్గర ఉంది. 'రంది' ఉంది. పిల్ల బక్కచిక్కితే పాలు చాలట్లేదా అని చూసేవాళ్లు, ఆ తర్వాత ఎవరి మీద బెంగ పెట్టుకుందా అని చూసేవాళ్లు. ఒక్క మాట ఇక్కడే చెప్తాను, మళ్లీ మరిచిపోతా: జ్వరం వస్తే ముందు డాక్టర్‌కి చూపించండి. అన్నీ బెంగ మీదికి తోసి ఇంట్లో కూర్చోవద్దు.

ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని అటాచ్‌మెంట్ అంటారు. తెలుగులో రాసేవాళ్లు 'అనుబంధం' అని రాస్తారు. నాకు ఆ మాట వినగానే ఆదివారం పేపర్‌తో వచ్చే పుస్తకం గుర్తొస్తుంది. (నవ్వులు) మనకి ఇంతకంటే మంచి మాట ఉంది, మాలిమి. "పిల్ల వాళ్ల అత్తకి బాగా మాలిమి" అంటాం. భయమైనప్పుడు ఎవరి దగ్గరికి ఉరికి పోతుందో, ఎవరి భుజం మీద తల పెడితే ఏడుపు ఆగుతుందో, వాళ్లకి మాలిమి అన్నట్టు. ఈ పూటకి ఆ మాటే వాడుకుందాం.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. మా బాబు దగ్గర అర్థమైంది.

వాడికి పద్నాలుగు నెలలప్పుడు న్యుమోనియా వచ్చింది. ఒక ఆసుపత్రిలో చేర్చాం, పేరెందుకులెండి. ఐసీయూలో నాలుగు రోజులు ఉన్నాడు. తల్లిని లోపలికి రానివ్వరు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, అంతే. మొదటి రోజు వాడి ఏడుపు అద్దాల తలుపు ఇవతలికి వినిపించేది. రెండో రోజుకి సన్నబడింది. మూడో రోజు సిస్టర్ బయటికొచ్చి, "బాబు మంచిగ అలవాటైండు మేడం, అస్సలు ఏడుస్తలేడు" అంది. నాకు సంతోషమేసింది. ఇదే సబ్జెక్టులో డిగ్రీ పెట్టుకున్నదాన్ని, నాకు సంతోషమేసింది!

నాలుగో రోజు వార్డుకి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. వాడు నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా, గోడకి పెచ్చు ఊడిన చోటు చూస్తూ కూర్చున్నాడు. చేతికి సూది పెట్టి వేసిన తెల్లకట్టు ఉంది. దాన్ని పెదాలకి రాసుకుంటూ ఉన్నాడు. మా అత్తమ్మ చేతులు చాపింది. ఆమె దగ్గరికీ పోలేదు. "అలిగిండు" అంది ఆమె. నేనూ అట్లే అనుకున్నాను. ఇంటికొచ్చిన రెండో రాత్రి మొదలైంది అసలు ఏడుపు. తర్వాత పదిహేను రోజులు నేను బాత్రూంకి పోతే తలుపు బాదేవాడు. నా జాకెట్ అంచు గుప్పిట్లో పట్టుకుంటే గానీ పడుకునేవాడు కాదు. చుట్టాలందరూ ఒకటే మాట, "దవాఖానకి పోయొచ్చి పోరడు మొండిగైండు."

ఆ ఆసుపత్రే వాడి ప్రాణం కాపాడింది. అదీ చెప్పాలి, కోపంతో సగమే చెప్పకూడదు. కానీ "అలవాటయ్యాడు" అన్న మాట తప్పు. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రుల్లో చిన్నపిల్లల్ని ఏళ్ల తరబడి చూసి ఈ సంగతి పట్టుకున్నాడు. పిల్లలు ముందు ఏడ్చి పోరాడతారు. తర్వాత దిగులుతో మూలకి చేరతారు. ఆ తర్వాత అన్నీ మరిచిపోయినట్టు, బుద్ధిమంతుల్లా కనిపిస్తారు. ఈ మూడో దాన్ని చూసి డాక్టర్లు "కుదురుకున్నాడు" అని రాసుకునేవాళ్లు. ఆయన చెప్తే ఎవరూ నమ్మలేదు. రెండేళ్ల పాప ఒకతె చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటే, కెమెరా పట్టుకుని ఆ రోజులన్నీ చిత్రీకరించి 1952లో డాక్టర్లకే చూపించాడు. అప్పుడూ చాలామంది మండిపడ్డారు. చివరికి 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీ, పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలి, తల్లి పిల్లతో ఉండే వీలు కల్పించాలి అని చెప్పింది.

మరి ఇంటికొచ్చాక వాడు పెట్టిన మొండితనం? అది వాడు తిరిగి నా దగ్గరికి రావడం. నా జాకెట్ పట్టుకున్నాడంటే నేను మళ్లీ వాడి లెక్కలోకి వచ్చానన్నమాట. అప్పుడు ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. రెండుసార్లు వాడి మీద చెయ్యి కూడా చేసుకున్నాను.

ఈ రాబర్ట్‌సన్‌తో పనిచేసినాయన జాన్ బౌల్బీ. సైకియాట్రిస్టు. ధనవంతుల ఇంట్లో పుట్టి, ఆయా చేతుల్లో పెరిగాడు. ఆయనకి నాలుగేళ్ల వయసులో ఆ ఆయా పని మానేసి వెళ్లిపోయింది. ఆ దెబ్బ ఆయన ముసలితనం దాకా మరిచిపోలేదు. పాలిచ్చి కడుపు నింపుతుంది కాబట్టే పిల్లకి తల్లంటే ఇష్టం అని అప్పటివరకు లెక్క. అది కాదు, ఆకలి ఎట్లనో దగ్గరితనం కోసం వెతుక్కోవడం కూడా పిల్లకి పుట్టుకతో వచ్చేదే అన్నాడాయన. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రిపోర్టు ఇచ్చాడు. యుద్ధంలో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పిల్లల గురించి.

ఆయన దగ్గర పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ కథ నాకు ఇంకా ఇష్టం. ఎందుకంటే ఆమె ఈ విషయం నేర్చుకున్నది అమెరికాలో కాదు, ఉగాండా పల్లెల్లో. 1954, 55లో కంపాలా చుట్టుపక్కల 26 కుటుంబాల ఇళ్లకి పోయి కూర్చునేది. మన ఆశాలు పోయినట్టే. తల్లులు తోట పనికి పోతూ వస్తూ ఉంటారు, పిల్లలు పాకుతూ దూరం పోయి, ఒకసారి వెనక్కి తిరిగి తల్లి ఉందా లేదా చూసుకుని మళ్లీ పోతారు. ఇది ఆమె రాసుకుంది. మీ సెంటర్లో రోజూ కనిపించేదే. రాసుకోవాలని మనకి తోచలేదు, అంతే తేడా.

తర్వాత అమెరికాలో బాల్టిమోర్‌లో ఒక పద్ధతి పెట్టింది. ఏడాది, ఏడాదిన్నర పిల్ల, తల్లి, బొమ్మలున్న ఒక కొత్త గది, తెలియని ఒక మనిషి. మొత్తం ఇరవై నిమిషాలు. తల్లి రెండుసార్లు బయటికి పోతుంది, రెండుసార్లు వస్తుంది. మనమైతే పిల్ల ఎంత ఏడ్చిందని చూస్తాం. ఆమె చూసింది అది కాదు. తల్లి తిరిగొచ్చాక పిల్ల ఏం చేసింది? అసలు గుట్టు అక్కడుందని పట్టింది. కొందరు ఉరికొచ్చి మెడ కరుచుకుని, రెండు నిమిషాల్లో ఊరడిల్లి మళ్లీ బొమ్మల మీదికి పోతారు. కొందరు తల్లి వచ్చినా తలెత్తరు, బొమ్మతోనే ఆడుతుంటారు. వీళ్లు మంచోళ్లు, గట్టోళ్లు అనిపిస్తుంది. కానీ తర్వాతివాళ్లు అటువంటి పిల్లల గుండె వేగం కొలిస్తే అది పరుగెడుతూనే ఉంది. ఇంకొందరు ఎత్తుకోమంటారు, ఎత్తుకుంటే తంతారు. 1980ల్లో మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ నాలుగో రకాన్ని చేర్చారు. ఆ పిల్లలు తల్లి వైపు రాబోయి మధ్యలో బిగుసుకుపోతారు, లేదా మొహం తిప్పుకుని వెనక్కి నడుస్తూ వస్తారు. భయమేస్తే ఎవరి దగ్గరికి పోవాలో, వాళ్లే భయపెట్టే మనుషులైన ఇళ్లలో ఇది ఎక్కువ కనిపించింది.

దయచేసి ఎవరూ ఇంటికి పోయి ఈ పరీక్ష పెట్టొద్దు. యూట్యూబ్ చూసి పెట్టి, "మేడం మా పాప రెండో రకం" అని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. జపాన్‌లో సప్పొరోలో ఇదే చేస్తే చాలామంది పిల్లలు ఆపకుండా ఏడ్చారు. వాళ్లని అంతకుముందు ఒక గదిలో ఒంటరిగా ఎవరూ వదలలేదు మరి! మన పిల్లలూ అంతే, పదిమంది చేతుల్లో ఉంటారు. తల్లి ఒక్కతే అన్న పట్టింపు కూడా అక్కర్లేదు. 1964లో స్కాట్లండ్‌లో గ్లాస్గోలో 60 మంది పిల్లల్ని చూస్తే, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమందికి ఇద్దరు ముగ్గురు మాలిమి ఉన్నారు. తండ్రి, నాయనమ్మ, అన్న. గంటలకొద్దీ పక్కన కూర్చున్నారా లేదా అన్నదానికంటే, పిలిస్తే పలికారా అన్నదే పిల్ల చూసుకుంది.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం.

పత్తి తీసే రోజులు. పొద్దున ట్రాలీ ఆటో వీధి మొగలో హారన్ కొడుతుంది. తల్లి టిఫిన్ డబ్బా కొంగులో చుట్టుకుంది. ఏడాది పిల్ల ఆమె కాళ్ల దగ్గర ఉంది. నాయనమ్మ పిల్లని చంకనేసుకుని ముందటి వాకిట్లోకి పోయి, "అగో కోతి! అగో గోడ మీద కోతి సూడు!" అంటుంది. పిల్ల అటు చూస్తుంది. తల్లి వెనక దర్వాజ నుంచి జారుకుంటుంది. ఈ హాల్లో ఈ పని చేయనివాళ్లు చెయ్యెత్తండి. (నవ్వులు) నేనూ ఎత్తట్లేదు.

మనం ప్రేమతోనే చేస్తాం. ఏడిపించకుండా పోదామని. పిల్ల వైపు నుంచి చూడండి. కోతి వైపు తల తిప్పింది, తిప్పి చూసేసరికి అమ్మ లేదు. గోడ మీద కోతీ లేదు. దీని నుంచి అది నేర్చుకునేది ఏంది? తల తిప్పితే మనుషులు మాయమైతరు. అందుకే మర్నాడు కొంగు వదలదు. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, దొడ్లోకి పోతే దొడ్లోకి వస్తుంది. మనం పేరు పెడతాం, "సంకకు మరిగింది."

మన భాషలో ఎవరి ఇంటి నుంచి లేచినా "పోతా" అనం. తప్పు. "పోయొస్తా" అంటాం. గడప దాటేటప్పుడే తిరిగొచ్చే మాట ఇచ్చి పోతాం. చుట్టాలకి ఇచ్చే ఆ మర్యాద కడుపున పుట్టిన పిల్లకి ఎందుకు ఇవ్వం? మోకాళ్ల మీద కూర్చుని, మొహం చూసి, "పోయొస్త బిడ్డా, పొద్దుగూకంగ వస్త" అని చెప్పి పొండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, నాయనమ్మ ఉంది కదా ఎత్తుకోడానికి. పదిరోజులు అట్లా చెప్పి పోయి, చెప్పినట్టే వస్తే, మాటలు రాని పిల్లకి కూడా ఆ మాట అర్థమవుతుంది. గడియారం తెలియకపోవచ్చు, 'పోయొస్త' తర్వాత అమ్మ వస్తుందని తెలుస్తుంది.

అంగన్‌వాడీలో కొత్తగా చేరే రోజులకీ ఇదే. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఉంది, ములుగు వైపు. కొత్త పిల్ల వస్తే మొదటి వారం తల్లిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, బియ్యం చాట చేతికిస్తుంది, రాళ్లు ఏరమని. పిల్ల లోపల ఆడుతూ మధ్యమధ్యలో వచ్చి చాటలో చెయ్యిపెట్టి పోతుంది. నాలుగో రోజు తల్లి "నీళ్లు పట్టుకొస్త" అని చెప్పి పదినిమిషాలు పోయి వస్తుంది. ఆ తర్వాత గంట. ఆ టీచరమ్మకి బౌల్బీ ఎవరో తెలియదు. బియ్యం కూడా శుభ్రమయ్యాయి. (నవ్వులు)

ఇదే వరసలో నన్ను బాగా బాధపెట్టేది పాలు మాన్పించడం. వేపాకు నూరి రాస్తారు, సరే. దానికి తోడు పిల్లని పది రోజులు అమ్మమ్మ ఊరికి పంపిస్తారు. అంటే ఒకే రోజు పాలూ పోయాయి, అమ్మా పోయింది. మాన్పించాలంటే మాన్పించండి, ఒక్కొక్క పూట తగ్గిస్తూ పొండి, కానీ ఆ పది రోజులు మీరు కళ్లముందు ఉండండి. పాలు లేకపోయినా ఒడి ఉందని తెలియాలి కదా.

ఇప్పుడు ఎక్కువమంది అడిగేది, "మాకు టైమెక్కడిది మేడం?" అని. కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చేసే అక్కల ఇళ్లకి పోయాను. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. వేళ్లు ఆగవు, ఆగితే లెక్క తగ్గుతుంది. నెలల పిల్ల పక్కన చీర ఉయ్యాలలో ఉంది. తంబాకు దుమ్ము పిల్లకి మంచిది కాదు, ఉయ్యాల గాలి వచ్చేవైపు, దూరంగా కట్టమన్నాను. కానీ నేను అక్కడ చూసిన ఇంకో సంగతి చెప్తాను. పిల్ల "ఊ" అంది. తల్లి తలెత్తకుండా "ఊ" అంది. పిల్ల మళ్లీ "ఊఁ" అంది. ఈసారి తల్లి దారం చుడుతూనే కళ్లెత్తి, "ఏందే, నువ్వు గూడ చేస్తవా బీడీలు?" అంది. పిల్ల కాళ్లూ చేతులూ ఆడించింది. మళ్లీ తల్లి తల దించుకుంది. మొత్తం అయిదారు సెకన్లు. ఇదే మాలిమి పెరిగే చోటు. పిలిస్తే పలకడం.

ఎన్నిసార్లు పలకాలి అంటారా? ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన తల్లీపిల్లల్ని ఎదురెదురు కూర్చోబెట్టి క్షణక్షణం చూశాడు. చక్కగా పెంచే తల్లుల దగ్గర కూడా ఇద్దరి లయ కుదిరింది దాదాపు 30 శాతం సమయమే. మిగతా అంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. ఆ కలుపుకోవడంలోనే పిల్ల నేర్చుకుంటుందని ఆయన అన్నాడు. నేను ఈ మాట చెప్పినప్పుడు ఒక తల్లి నా ముందే ఏడ్చేసింది. నూటికి నూరు రావాలేమో అనుకుందట పాపం.

ఆయనే 1970ల్లో ఇంకో ప్రయోగం చేశాడు. తల్లి పిల్లతో ఆడుతూ ఆడుతూ రెండు నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చోవాలి. పిల్ల నవ్వుతుంది, చెయ్యి చూపిస్తుంది, అరుస్తుంది, చివరికి మొహం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి ఎదురుగానే ఉంది, కానీ లేదు. ఈ రోజుల్లో ఆ మొహం చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, రీల్స్ చూసేటప్పుడు అద్దంలో చూసుకుంటే చాలు. పిల్లకి ఫోన్ ఇవ్వొద్దని అందరూ చెప్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఏడాది లోపు పిల్లలకి తెర అసలే వద్దంది. నేను మన ఫోన్ గురించి అంటున్నాను.

"ఎత్తుకుంటే చేతికి అలవాటైతది" అనే మాట కూడా తేల్చేద్దాం. 1972లో ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ రాసినదాని ప్రకారం మొదటి నెలల్లో ఏడ్చిన వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది నాటికి తక్కువే ఏడ్చారు. తర్వాత దీన్ని ఒప్పుకోనివాళ్లూ వచ్చారు. నేను చెప్పేది ఇంతే: నెలల పిల్లని ఎత్తుకుంటే చెడిపోదు. దిష్టి తీస్తారా, తీయండి. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పేటప్పుడు ఎవరో ఒకరు పిల్లని గుండెకి హత్తుకుంటారు కదా, సగం పని అక్కడే అయిపోతుంది.

గల్ఫ్ తండ్రుల గురించి చెప్పకుండా ఉత్తర తెలంగాణలో ఈ మాటలు పూర్తికావు. జగిత్యాల దగ్గర ఒక ఊరు. భార్య కడుపుతో ఉండగా పోయినాయన, పిల్లాడికి ఏడాదిన్నరప్పుడు వచ్చాడు. రోజూ వీడియో కాల్లో "బాపు, బాపు" అని ముద్దులు పెట్టేవాడు పిల్లాడు. మనిషి గడపలో కనిపించేసరికి గావుకేక పెట్టి నాయనమ్మ కొంగు చాటుకి పోయాడు. ఆయన రెండు చేతులా లాక్కుని ఎత్తుకున్నాడు, వాడు గుక్కపట్టాడు. ఆ రాత్రి ఆ తండ్రి అన్నం తినలేదట. ఏడెనిమిది నెలలు దాటిన పిల్ల కొత్తవాళ్లని చూసి జంకిందంటే, తనవాళ్లెవరో దానికి తెలిసిందని అర్థం. తండ్రి తప్పూ కాదు, పిల్లాడి తప్పూ కాదు. మొదటి రోజు ఎత్తుకోవద్దు. నేల మీద కూర్చో, భార్యతో నవ్వుతూ మాట్లాడు. వాడు నీ మొహం కంటే ముందు తల్లి మొహం చూస్తాడు, ఈ మనిషి పర్వాలేదా అని. అట్లా చేశాడాయన. మూడో రోజు వాడు వచ్చి తండ్రి చెప్పు ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టిపోయాడు. అంతే, చెప్పు. ఆయన ఆ చెప్పు ఫొటో తీసి నాకు పంపాడు.

ఇక బాలింతల సంగతి. ఆశాలు ఉన్నారు కాబట్టి దీని మీద కొంచెం నిలబడతాను.

పుట్టింట్లో పురుడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల, ఇంటినిండా జనం. పిల్ల ఎవరి పోలిక, ముక్కు ఎవరిది, ఇదే ముచ్చట. మూలకి కూర్చున్న బాలింతని "పాలు పడుతున్నయా" అని తప్ప ఎవరూ ఏమీ అడగరు. కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లోపు పోతుంది. పోకపోతే, దిగులు పాతుకుపోతే, అది జబ్బు. బద్ధకం కాదు, నాటకం కాదు. గోవాలో 2002లో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ వాళ్లు చేసిన పరిశోధనలో పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడంతో పాటు ఆడపిల్ల పుట్టిందన్న సాధింపు కూడా దీనికి కారణంగా తేలింది. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి దిగులులో మునిగితే ఆమె మొహం ఆ ప్రయోగంలో మొహంలాగే అవుతుంది. ఆమెకి ప్రేమ లేక కాదు, శక్తి లేక.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు ఇంటికి పోవాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఆ తర్వాత 2018 నుంచి 3, 6, 9, 12, 15 నెలలకి ఇంకో అయిదుసార్లు. అన్నీ కలిపి పదకొండు. ఏ సైకాలజిస్టుకీ ఇన్నిసార్లు ఒక ఇంటి గడప ఎక్కే అవకాశం రాదు. బరువు చూస్తారు, బొడ్డు చూస్తారు, కార్డు నింపుతారు. లేచేముందు ఒక్క ప్రశ్న అడగండి: "పిల్ల పండుకున్నప్పుడు నీకు నిద్ర పడుతున్నదా బిడ్డా?" పిల్ల ఏడుపుకి నిద్రలేకపోవడం అందరికీ ఉంటుంది. పిల్ల నిద్రపోయినా తల్లికి కన్ను మూతపడట్లేదంటే అక్కడ ఆగండి. అత్తని చాయ్ పెట్టమని లోపలికి పంపి ఇంకో పది నిమిషాలు కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని అడగడానికి భయపడొద్దు, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

"మేము డాక్టర్లమా?" అని మీరు అనొచ్చు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో మీలాంటి ఆరోగ్య కార్యకర్తలకే ఎట్లా మాట్లాడాలో శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల దగ్గరికి పంపారు. బాలింతలయ్యాక కూడా పోయారు. పెద్ద డిగ్రీలేవీ లేనివాళ్లే. 2008లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన ఆరు నెలలకి, వాళ్లు ఈ పద్ధతిలో మాట్లాడిన తల్లుల్లో 23 శాతం మందికి దిగులు మిగిలింది. మామూలుగా చూసిపోయిన ఇళ్లలో 53 శాతం. మనకి ఆ శిక్షణ రావాలి, ఇచ్చిన పని మీద ఇంకో పనిలా కాదు, డబ్బులతో సహా రావాలి. (చప్పట్లు)

నంబరు రాసుకోండి: 14416, టెలీ మానస్. మనసు బాగాలేనివాళ్లకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, రాత్రీపగలూ, తెలుగులో మాట్లాడతారు. తల్లి అటుఇటు తిరుగుతూ, అసలు నిద్రే లేకుండా, లేని మాటలు వినిపిస్తున్నాయి అంటే మాత్రం ఫోన్లతో ఆలస్యం చేయకండి. అది వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. చాలా ఇళ్లలో దెయ్యం పట్టిందని అమావాస్య దాకా ఆగుతారు. ఇంకో మాట, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది: చికిత్స కోసం చేరిన తల్లి దగ్గర నుంచి మూడేళ్లలోపు పిల్లని మామూలుగా విడదీయకూడదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో తల్లీపిల్లల్ని కలిపి చేర్చుకునే వార్డే ఉంది. ఎవరైనా "పిల్లని ఇంటికి పంపేయండి" అంటే, ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

పిల్ల కళ్లలోకి చూడట్లేదు, పేరు పెట్టి పిలిస్తే తిరగట్లేదు, చెయ్యి ఊపట్లేదు అంటే మాలిమి లోపం అని తల్లిని తిట్టొద్దు. వినికిడి కావచ్చు, ఎదుగుదలలో తేడా కావచ్చు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే, పిల్లల్ని పరీక్షించే సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకి చూపించండి. అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి పంపిస్తారు. అవసరమైతే సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ ఉంది. "మగపిల్లలకి మాటలు లేటే" అని మూడేళ్లు ఆగకండి.

ఎవరూ లేని పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఈ పిల్లల గురించి రుమేనియాలో బుకారెస్ట్‌లో 2001 ప్రాంతంలో మొదలైన పరిశోధన ఉంది. అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లల్లో సగంమందిని కుటుంబాలకి ఇచ్చారు. రెండేళ్లు నిండకముందే ఒక ఇంటికి చేరినవాళ్లు మనుషులతో ఎక్కువ కుదురుకున్నారు. ఆశ్రమంలో పాలకి లోటు లేదు, దుప్పట్లకి లోటు లేదు. ఆయాలే షిఫ్టుకొకరు మారేవాళ్లు.

నా టైము అయిపోయిందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పు తమ్ముడూ.

(ఒక యువకుడు: "మేడం, మా పాపకి మూడేళ్లు. ఏడాదప్పుడు నేను, నా భార్య ఇద్దరం కోచింగ్ అని, ఆరు నెలలు మా అమ్మ దగ్గర ఊర్లో ఉంచినం. ఇప్పటికీ రాత్రి లేచి మమ్మల్ని తడుముకుంటది. పాడుచేసినట్టేనా?")

పాడు కాలేదు. ఆరు నెలలు నాయనమ్మకి మాలిమి అయింది, అది పోగొట్టుకున్నది కాదు, ఇంకొకరిని సంపాదించుకున్నది. కాకపోతే ఒకసారి మీ నుంచి, ఇంకోసారి నాయనమ్మ నుంచి, రెండుసార్లు తెగింది కదా, అందుకే తడుముకుంటుంది. చెయ్యి దొరకనివ్వండి. అప్పటి ఫొటోలు ఉంటాయి కదా, చూపించి చెప్పండి: "నువ్వు చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర ఉన్నవు, మేము చదువుకోవడానికి పోయినం, తర్వాత వచ్చి తీసుకొచ్చుకున్నం." మళ్లీ చెప్పమంటుంది. మళ్లీ చెప్పండి. ఇరవైసార్లు అడిగినా చెప్పండి. నాయనమ్మకి రోజూ ఫోన్ కలపండి. ఇప్పుడు పాప ఎక్కడుంది?

("మా అక్క దగ్గర ఉంచి వచ్చిన మేడం.")

చెప్పి వచ్చావా?

("...లేదు మేడం. టీవీ పెట్టి వచ్చిన.")

(నవ్వులు)

అయితే చాయ్ కోసం ఆగకు. బయల్దేరు.